అన్ని పాఠాలూ చెప్పే టీచరుకి భూగోళం అప్పగిస్తే: నా అనుభవం

విద్యా సంవత్సరం మొదటి వారంలో, స్టాఫ్ మీటింగ్ చివర హెడ్‌మాస్టర్ గారు సబ్జెక్టుల బాధ్యతలు పంచారు. లెక్కలకి ఒకరు, భాషకి ఇద్దరు, సైన్సుకి ఒకరు చెయ్యెత్తారు. భూగోళం పేరు చదివాక ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మూడు నుంచి ఐదో తరగతి దాకా ఆ సబ్జెక్టు చూసుకోవలసింది నేనే అని తేలింది. దానితో పాటు, ప్రాథమిక టీచర్ల కోసం ఏడాది పాటు నడిచే ఒక భూగోళ బోధన కోర్సుకి దరఖాస్తు పెట్టమన్నారు.

ఇలాంటి బాధ్యత మీకూ రాబోతోందేమో, ఆ కోర్సులో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నారేమో. అందులో నిజంగా ఏం జరుగుతుందో, ఎక్కడెక్కడ వేచి ఉండాలో, ఎంత అలసటో చెబుదామని రాస్తున్నాను.

ప్రాథమిక బడిలో టీచరంటే అన్నీ చెప్పే మనిషి. మీరేం చెబుతారని ఎవరైనా అడిగితే తరగతి పేరు చెబుతాం, సబ్జెక్టు పేరు చెప్పం. పదేళ్లకు పైగా నేనూ అలాగే చెప్పాను. నాలో ఒక భాషా టీచరు ఉందని, లెక్కల టీచరు కూడా కొంత ఉందని తెలుసు. భూగోళం టీచరు మాత్రం ఎన్నడూ లేదు. ఆ పీరియడ్‌లో పాఠ్యపుస్తకం మాట్లాడేది, నేను పేజీలు తిప్పేదాన్ని.

దరఖాస్తుతో పాటు రెండు పేజీల వ్యాసం అడిగారు: మీ చిన్నతనం నుంచి ఇప్పటిదాకా భూగోళంతో మీకున్న సంబంధం ఏమిటి? అర్హతల పత్రాలన్నీ ఒక్క సాయంత్రంలో సిద్ధమయ్యాయి. ఈ రెండు పేజీలకి మాత్రం దాదాపు మూడు వారాలు పట్టింది. మొదట రాసిన ముక్కలో రంగులు వేసిన పటాలు, బట్టీ పట్టిన రాజధానులు, నదుల పేర్లు తప్ప మరేమీ లేవు. నాకంటే ముందు ఈ కోర్సు చేసిన ఒక మేడమ్ ఆ కాగితం చదివి, "బడిలో నేర్చుకున్నది సరే. కొత్త చోట ఇల్లు మారినప్పుడు దారి ఎలా గుర్తుపెట్టుకున్నారు? ఎండ ఏ గదిలోకి ఎప్పుడొస్తుందో మీకు తెలుసు కదా, అది రాయండి" అన్నారు. ఆ రాత్రి రాయడం మొదలుపెడితే ఆగలేదు. రోజూ చేసే ప్రయాణాలు, మారిన ఇళ్లు, వర్షం వస్తే ఏ వీధి మునుగుతుందో ముందే తెలిసి ఉండడం, ఇవన్నీ భూగోళమే అని ముప్పై దాటాక నాకు మొదటిసారి అనిపించింది. ఫ్రాన్ మార్టిన్ అనే పరిశోధకురాలు ప్రాథమిక టీచర్ల శిక్షణ గురించి రాస్తూ ఇదే మాట మీద నిలబడ్డారని తర్వాత కోర్సులో తెలిసింది: కొత్తగా వచ్చే టీచర్లు తమ రోజువారీ బతుకులోని భూగోళాన్ని భూగోళంగా లెక్కపెట్టరని.

దరఖాస్తు పంపాక ఆరు వారాల దాకా ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే పరిశీలనలో ఉందన్నారు. ఈలోగా బడిలో పాఠాలు ఆగవు కదా. ఎంపికైన ఉత్తరం వచ్చేసరికి నేను మూడో తరగతిలో సగం యూనిట్ పాత పద్ధతిలోనే ముగించాను. ఫీజు రెండు విడతల్లో కట్టనిచ్చారు. అసలు ఖర్చు ఫీజు కాదని మొదటే తెలిస్తే బాగుండేది. చార్టులు, దిక్సూచులు, లామినేషన్, రంగు ప్రింట్లు అన్నీ చేతి డబ్బే. బడి నుంచి కొంత వెనక్కి వచ్చింది కానీ బిల్లులు దాచినవాటికే. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక కవరు పెట్టి ప్రతి రసీదూ అందులో వేయండి.

మొదటి వర్క్‌షాపులో ఖాళీ కాగితం ఇచ్చి ప్రపంచ పటం గీయమన్నారు, చూడకుండా. ఇరవై మందికి పైగా టీచర్లం, అందరి చేతులూ వణికాయి. గీశాక ఎవరి పటమూ దిద్దలేదు. మీ పటంలో ఏది పెద్దగా వచ్చింది, ఏది అసలు రాలేదు, ఎందుకు, అని మాత్రం అడిగారు. అందరి కాగితాల మీదా గ్రీన్‌లాండ్ భారీగా ఉంది, ఆఫ్రికా చిక్కిపోయి ఉంది. 1569లో మెర్కేటర్ అనే పటాల తయారీదారు నావికుల కోసం చేసిన పటం మా తలల్లో అలాగే కూర్చుని ఉందన్నమాట. దిశల కోణాలు చెదరకుండా ఉండాలని ఆ పటంలో ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అన్నీ సాగుతాయి. నిజానికి గ్రీన్‌లాండ్ దాదాపు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా దాదాపు 3 కోట్లు. అంటే పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు ఆఫ్రికాలో పడతాయి. తర్వాత వారం నా ఐదో తరగతిలో గ్లోబు మీద పల్చటి కాగితం పెట్టి గ్రీన్‌లాండ్ ఆకారం తీయించి, అదే గ్లోబు మీద ఆఫ్రికాపై అతికించమన్నాను. పిల్లలు నన్ను నమ్మలేదు, మళ్లీ మళ్లీ కొలిచారు. ఆ అపనమ్మకం నాకు భలే నచ్చింది. అంతకు ముందు ఆ పీరియడ్‌లో వాళ్లు నన్ను అనుమానించే అవసరమే రాలేదు.

కోర్సు ఇచ్చిన మొదటి తరగతి పని: పిల్లలకి భూమి గురించి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోండి. మూడో తరగతి పిల్లల్ని భూమి బొమ్మ గీసి, అందులో మనుషుల్ని గీయమన్నాను. అందరూ గుండ్రంగానే గీశారు. మనుషులు మాత్రం రకరకాల చోట్ల ఉన్నారు. కొందరు బంతి పైభాగాన మాత్రమే నిలబెట్టారు. కొందరు బంతి లోపల చదునైన నేల గీసి దాని మీద ఇళ్లు కట్టారు. ఒకమ్మాయి రెండు భూములు గీసింది, ఒకటి మనం నిలబడేది, ఇంకోటి ఆకాశంలో ఉండేది. ఇది నా తరగతి వింత అనుకున్నాను. స్టెల్లా వోస్నియాడూ, విలియం బ్రూవర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో ఇవే బొమ్మలు ఉన్నాయని, కోర్సులో నాకు దారి చూపించే మెంటర్ మేడమ్ చెప్పారు: బోలు గోళం, రెండు భూములు, పైన నొక్కిన బంతి. నేల చదునుగా కనిపిస్తుంది, పెద్దవాళ్లేమో గుండ్రం అంటారు. పిల్లలు ఆ రెంటినీ కలపడానికి చేసే ప్రయత్నమే ఆ బొమ్మలు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. బొమ్మ గీయమనడమే పిల్లల్ని తికమక పెడుతుందని తర్వాతి పరిశోధకులు కొందరు వాదించారు. అది కూడా చూద్దామని అదే పిల్లలకి గ్లోబు, చిన్న చిన్న ప్లాస్టిక్ మనుషులు ఇచ్చాను. బోలు గోళం గీసిన పిల్లల్లో చాలామంది మనుషుల్ని గ్లోబు చుట్టూ సరిగ్గానే అతికించారు. రెండు భూముల అమ్మాయి ఒక మనిషిని అంటార్కిటికా కింద తలకిందులుగా అతికించి, "వీడికి కూడా కింద అంటే భూమి వైపే టీచర్" అంది. గురుత్వాకర్షణ గురించి నేనింకా ఒక్క మాట చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి చాలా సేపు ఏ పనీ చెయ్యలేకపోయాను, సంతోషంతో. పిల్లల్ని ఎలా అడుగుతామన్న దాన్ని బట్టే వాళ్ల తెలివి మనకి కనిపిస్తుంది. అలా అడగడం వేరెవరి పనో కాదు, నాదే.

నాలుగో తరగతిలో చిక్కు వేరు. వీధి, ఊరు, జిల్లా, దేశం ఒకదానిలో ఒకటి ఉంటాయని వాళ్లు వల్లె వేస్తారు. మరి నువ్వు ఒకేసారి ఊళ్లోనూ దేశంలోనూ ఎలా ఉన్నావని అడిగితే తడబడతారు. 1951లో పియాజే, వైల్ అనే పరిశోధకులు జెనీవా పిల్లల్లో ఇదే చూశారు. తాము జెనీవా వాళ్లం కాబట్టి స్విట్జర్లాండ్ వాళ్లం కాలేమని చిన్న పిల్లలు చెప్పారట. నేను అట్టపెట్టెలు తెచ్చి ఒకదానిలో ఒకటి పెట్టించాను. పెద్ద పెట్టె దొరకడానికే వారం పట్టింది. పాఠం మాత్రం పావుగంటలో అర్థమైంది.

ఇక బయటి పని. కర్ర నీడతో ఉత్తరం కనుక్కునే పాఠం పుస్తకంలో రెండు వాక్యాలు. చేయడానికి నాకు రెండు వారాలు పట్టింది, ఎందుకంటే మేఘాలు. ఎండ కాసిన రోజున గడియారంలో పన్నెండు కొట్టగానే నీడ అతి పొట్టిగా ఉంటుందని పిల్లలు కాచుకుని ఉన్నారు. పన్నెండు దాటాక కూడా నీడ కురచవుతూనే ఉంది. ఒక పెద్ద ప్రాంతమంతటికీ ఒకే గడియారం, సూర్యుడేమో ప్రతి రేఖాంశం మీదికీ వేరువేరు వేళల్లో వస్తాడు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల తేడా. దానికి తోడు నీడ గడియారం ఏడాదిలో చాలా రోజులు మన గడియారంతో సరిపోదు. నవంబరు మొదట్లో సుమారు 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి నడుమ సుమారు 14 నిమిషాలు వెనక. ఇదంతా పిల్లలకి చెప్పలేదు. పది నిమిషాలకోసారి సుద్దముక్కతో నీడ కొన గుర్తు పెట్టి, అన్నింటికంటే పొట్టిది వాళ్లనే వెతకమన్నాను. ఆ గీతే ఉత్తర దక్షిణాల గీత. తర్వాత దిక్సూచులు తెచ్చి తరగతి గదిలో పెడితే ఒక్కో బల్ల మీద ఒక్కో ఉత్తరం! బల్లల ఇనుప కాళ్లు సూదిని లాగుతున్నాయి. దిక్సూచి పాఠం ఆరుబయటే చెప్పండి. కొన్న దిక్సూచులన్నీ పక్కపక్కన పెట్టి ముందు రోజే సరిచూసుకోండి. కొన్ని ఉత్తరానికి బదులు దక్షిణం చూపిస్తాయి.

గేటు దాటడానికి అనుమతి పత్రం అన్నింటికంటే ఎక్కువ కాలం తినేసింది. బడి చుట్టూ నాలుగు వీధులు తిరిగి రావడానికి మాత్రమే. తల్లిదండ్రుల సంతకాలు, తోడు వచ్చే పెద్దలు, ఫోన్ నంబర్లు, మందుల పెట్టె, మరుగుదొడ్డి ఎక్కడ, రోడ్డు ఎక్కడ దాటుతారు, అన్నీ రాసి ఇచ్చాక దాదాపు నెలన్నర. ఆలస్యం విసుగు పుట్టించినా ఆ ప్రశ్నలు న్యాయమైనవే. ముందు నేనొక్కదాన్నే ఆ దారంతా నడిచాను. పిల్లలతో అయితే నాలుగింతలు సమయం పడుతుందని అక్కడే లెక్క వేసుకున్నాను. అయినా సరిపోలేదు. గాలికి కాగితాలు ఎగిరిపోతాయి, అట్టకి క్లిప్పు, పెన్సిలుకి దారం ఉండాల్సిందే. తిరిగొచ్చాక గీసిన పటాల్లో నేను రాయించాలనుకున్న భవనాలు సగమే ఉన్నాయి. వాటి బదులు కుక్క పడుకునే మూల, ఎప్పుడూ తాళం వేసి ఉండే గేటు, నీళ్లు నిలిచే గుంట, భయం వేసే మలుపు. కొత్తగా బడిలో చేరిన ఒక అబ్బాయి మా దారి పక్కన కాగితం అంచు దాకా ఇంకో దారి గీసి, చివర తన పాత బడి పెట్టాడు. అంత దూరం ఈ కాగితంలో పట్టదు కదా అని పక్కవాడు అంటే, "స్కేలు మారింది" అన్నాడు. నవ్వు రాలేదు. వాడికి ఆ బడి అంత దగ్గరే.

సంవత్సరం సగం దాటాక తరగతి పరిశీలన. మెంటర్ వెనక బల్ల మీద కూర్చున్నారు. పాఠం నదులు. గోడ మీది పటంలో నైలు నదిని చూపిస్తుంటే ఒక పాప లేచి, "నీళ్లు కిందికే పోతాయన్నారు కదా టీచర్, ఇది పైకి ఎలా ఎక్కుతోంది?" అంది. తరగతి అంతా ఆ పాప వైపే. నా పాఠ్యప్రణాళికలో దీనికి చోటు లేదు. వెనక కూర్చున్న మనిషి పెన్ను కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను గోడ మీంచి పటం తీసి నేల మీద పరిచాను. మేం సుద్దతో గీసుకున్న ఉత్తర గీతకి సరిపెట్టి తిప్పాను. "ఇప్పుడు చెప్పండి, పైన ఎక్కడుంది?" పిల్లలు పటం చుట్టూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎత్తులు రంగుల్లో ఉన్న ఇంకో పటం తెచ్చి విక్టోరియా సరస్సు దగ్గర వేలు పెట్టాం. సముద్ర మట్టానికి 1,100 మీటర్లకు పైన ఉంది. అక్కడి నుంచి మధ్యధరా సముద్రం దాకా రంగులు మారుతూ దిగిపోతుంటే ఆ పాపే వేలితో జారుస్తూ వెళ్లింది. ఉత్తరానికి పారే నదులు ఇంకా ఉన్నాయా అని వెతికి ఓబ్, యెనిసై, లెనా పట్టుకున్నారు. గంట కొట్టింది. అనుకున్న పాఠంలో సగం మిగిలిపోయింది.

రిపోర్టు మూడు వారాలకి వచ్చింది. ఆ మూడు వారాలూ సరిగా నిద్ర పట్టలేదు. సిలబస్ పూర్తి కాలేదని రాస్తారనుకున్నాను, అది ఒక వాక్యంలో రాశారు కూడా. మిగతా పేజీ అంతా పటం నేల మీదికి దిగిన ఆ నిమిషం గురించే. 1986లో లీ షుల్మన్ అనే విద్యా పరిశోధకుడు అన్న మాట ఒకటి అక్కడ ప్రస్తావించారు: విషయం తెలియడం ఒక జ్ఞానం, దాన్ని పిల్లలకి అర్థమయ్యే రూపంలోకి మార్చడం టీచరుకి మాత్రమే చెందిన ఇంకో జ్ఞానం. దాని కింద మెంటర్ రాసిన వాక్యం నాకు కంఠస్థం: "ఈ పని భూగోళ శాస్త్రవేత్తకి తట్టకపోవచ్చు, మీకు తట్టింది." స్టాఫ్ రూములో ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లి మొహం కడుక్కున్నాను. విషయం తక్కువ తెలిసిన మనిషినన్న బెరుకు అప్పటిదాకా నన్ను వదల్లేదు. ఆ రోజు తర్వాత అది పోయిందని చెప్పను, కానీ ఆ బెరుకుతోనే నిలబడి పాఠం చెప్పవచ్చని తెలిసింది.

ఇదంతా అందరికీ నచ్చలేదు. ఒక తండ్రి వచ్చి, "మా వాడికి రాజధానులు రావడం లేదు, మీరు నీడలు కొలిపిస్తున్నారు" అన్నారు. ఆయన కోపంలో నిజం ఉంది. చోట్ల పేర్లు రాకుండా భూగోళం రాదు. పేర్లు అక్షరాల వంటివి, వాటితో చదవడం మొదలవ్వాలి. ఆ కోణంలో ఆలోచించాక రాజధానుల పట్టికనే ప్రశ్నగా మార్చాను. రాజధాని అక్కడే ఎందుకుంది? బ్రెజిల్ 1960లో సముద్రం ఒడ్డున ఉన్న రియో నుంచి లోపలి పీఠభూమి మీద కొత్తగా కట్టిన బ్రసీలియాకి ఎందుకు మారింది? నైజీరియా 1991లో లాగోస్ వదిలి దేశం మధ్యలోని అబుజాకి, కజకిస్తాన్ 1997లో ఆల్మటీ నుంచి ఉత్తరాన ఇప్పటి అస్తానాకి ఎందుకెళ్లాయి? పిల్లలు ఖాళీ పటంలో ఒక ఊహాదేశానికి రాజధాని చోటు ఎంచి కారణాలు రాశారు. నది దగ్గర, భూకంపాలు రాని చోట, అందరికీ సమాన దూరంలో. వాదించుకునే క్రమంలో పేర్లు వాటంతట అవే నోటికొచ్చాయి. ఆ తండ్రి తర్వాతి సమావేశంలో కొడుకు పటం చూసి, తను ఐతే రేవు పక్కనే పెట్టేవాడినని కొడుకుతో వాదించారు. నాతో ఇంకేమీ అనలేదు.

చివరి నెలలు ఫైలు పని. పిల్లల పటాలు, పాఠ్యప్రణాళికలు, ప్రతి పాఠం తర్వాత రాసుకున్న నోట్సు, పరిశీలన రిపోర్టు, మళ్లీ ఒక వ్యాసం. ఆదివారాలన్నీ దానికే. తేదీ వేయని పిల్లల పటాలు ఎన్ని బాగున్నా ఫైలులో పనికిరావు, ఏది ముందో ఏది తర్వాతో చూపించలేం. ప్రతి కాగితం మీదా తేదీ వేయించడం మొదటి రోజే అలవాటు చేయండి. పిల్లల పేర్లు కనిపించకుండా కాపీలు తీయాలని చివరి వారంలో చెప్పారు, ముందే తెలిస్తే రెండు రాత్రులు మిగిలేవి. ఫైలు ఇచ్చాక మౌఖిక పరీక్ష దాకా దాదాపు రెండు నెలలు. పరీక్ష అరగంట. పటాల రకాల మీద ప్రశ్నలు వస్తాయని చదువుకుని వెళ్లాను. ముగ్గురు కూర్చుని మొదట అడిగినది: "మీ దగ్గర చదివిన పిల్లవాడు కొత్త చోటికి వెళ్తే ముందు ఏం చూస్తాడు?" నేల వాలు, నీళ్లు, ఎండ, దారులు, అక్కడ ఎవరున్నారు, ఏ పని చేస్తారు, ఎందుకు అక్కడే, అని చెప్పుకుంటూ పోయాను. ఫలితం మరో నెలకి వచ్చింది. పాసయ్యాను.

ఇంకా కష్టంగానే ఉన్నవి ఉన్నాయి. దూర దేశాల పాఠం చెప్పేటప్పుడు అక్కడి మనుషుల్ని పేదరికానికో వింతకో కుదించకుండా చెప్పడం నాకు ప్రతిసారీ బరువే. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయని చెప్పినంత మాత్రాన పిల్లల మనసులో అది ఒకటే చోటుగా ఉండడం ఆగదు. ఈసారి ఒకే ఖండంలోని మూడు నగరాల ఉదయాలు పక్కపక్కన పెట్టి చూపిద్దామని ఫొటోలు వెతుకుతున్నాను. వాతావరణ మార్పు గురించి అడిగినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లలకి భయం పెంచకుండా నిజం ఎంతవరకు చెప్పాలో తోటి టీచర్లతో కూర్చుని తేల్చుకోవాలి.

ఈ ఏడాది మూడో తరగతి భూగోళం ఒక కొత్త సార్ తీసుకున్నారు, ఎవరూ అడగకుండానే. నా నోట్సు పుస్తకం ఆయన దగ్గరుంది. వీధి నడక అనుమతి పత్రం ఇద్దరం కలిసి బడి తెరిచిన మొదటి వారంలోనే ఇచ్చాం. వానాకాలం ముగిసేలోపు సంతకం అయితే నీళ్లు ఎటు పారుతున్నాయో చూసే పాఠం బయటే చెప్పాలని ఆయన కోరిక.